డైనటాక్ 8000ఎక్స్ బ్యాటరీలో తెల్లటి పొడి: ఛార్జింగ్ పెట్టవచ్చా?

ప్రశ్న:
డాలస్‌లో పాత సామాన్ల అమ్మకంలో నాకు మోటరోలా డైనటాక్ 8000ఎక్స్ దొరికింది. 1984లో దాదాపు 4,000 డాలర్లు పలికిన మొబైల్ ఫోను ఇది. బ్యాటరీ ఊడదీసి చూస్తే కాంటాక్టుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. ఛార్జర్‌కు తగిలించవచ్చా? దీనితో ఎవరికైనా ఫోన్ చేయగలనా?

జవాబు 1:
దయచేసి తగిలించకండి. అది నికెల్-కాడ్మియం సెల్స్ నుంచి కారిన క్షారం ఎండి ఏర్పడిన పొడి. కాడ్మియం విషపదార్థం కాబట్టి చేతులకు తొడుగులు వేసుకుని, పాత టూత్‌బ్రష్‌ను కాస్త వెనిగర్‌లో ముంచి రుద్ది, ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పాత సెల్స్‌ను చెత్తబుట్టలో వేయకుండా రీసైక్లింగ్‌కు ఇవ్వండి. కొత్త సెల్స్ అమర్చే ముందు, కరెంటుకు పరిమితి పెట్టగల పవర్ సప్లైతో, ప్లస్ మైనస్ సరిచూసుకుని, ఒకసారి వెలిగించి చూడటం మేలు.

జవాబు 2:
కాల్ మాత్రం కుదరదు. ఇది ఏఎంపీఎస్ అనే అనలాగ్ పద్ధతిలో పనిచేసేది. అమెరికాలో పెద్ద కంపెనీలు 2008లోనే ఆ సేవను ఆపేశాయి. మన దేశంలో 1995లో మొబైల్ సేవలు జీఎస్ఎం అనే డిజిటల్ పద్ధతితో మొదలయ్యాయి కనుక ఇక్కడికి తెచ్చినా ప్రయోజనం లేదు. అయినా, బాగున్న రోజుల్లోనే పది గంటలు ఛార్జ్ చేస్తే అరగంట మాట్లాడగలిగేవారు!

ప్రశ్న వేసినవారు:
మీరు చెప్పినట్టే శుభ్రం చేసి చూశాను, ఎర్ర అంకెలు వెలిగాయి. ఒక గడిలో మధ్య గీత పోయినందున 8 నొక్కితే 0 కనిపిస్తోంది.