పొద్దున్నే నీలం పొగ: వాల్వ్ సీల్స్ మారిస్తే చాలా, బోర్ కొట్టించాల్సిందేనా?

గోదారి800:
మాది 1997 మారుతి 800, కార్బ్యురేటర్ బండి. నాన్న కొన్నది, 1,30,000 కి.మీ. తిరిగింది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ గేటు దాకా కమ్ముకుంటోంది. బండి చప్పుడు వినగానే పక్కింటి పిన్నిగారు ఆరేసిన బట్టలు తీసేసుకుంటున్నారు. రెండు నిమిషాల్లో పొగ పోతుంది, ఇక రోజంతా ఏమీ ఉండదు. వెయ్యి కి.మీ.కి 400 మి.లీ. దాకా ఆయిల్ తాగుతోంది. మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా "రింగులు పోయాయి, బోర్ కొట్టించాలి, 35 వేలు" అన్నాడు. అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయట, సిలిండర్ లోపలి గోడ (బోర్) చెక్కించి సరిచేయించాలట. నాకేమో వాల్వుల దగ్గర ఆయిల్ కిందికి దిగకుండా ఆపే సీల్స్ పోయాయనిపిస్తోంది. మీరేమంటారు?

రెండో గేర్:
అప్పుడే విప్పించకండి. నీలం అంటే ఆయిల్ కాలుతోందని తెలుస్తుంది గానీ, అది ఎటునుంచి వస్తోందో రంగు చెప్పదు. పొగ ఎప్పుడు వస్తోందో చూడాలి. రాత్రంతా బండి ఆగి ఉంటే హెడ్‌లో (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) మిగిలిన ఆయిల్, గట్టిపడిన సీల్స్ సందుల్లోంచి వాల్వ్ కాడల వెంట కిందికి జారుతుంది. పొద్దున అది కాలిపోయాక పొగ ఆగిపోతుంది. మీరు చెప్పింది అచ్చం ఇదే.

నా పాత బండితో తిరుమల నుంచి దిగేటప్పుడు ఘాట్ అంతా రెండో గేర్‌లో, యాక్సిలరేటర్ వదిలేసి వచ్చాను. అలిపిరి దాటి కాలు నొక్కానో లేదో, వెనక బస్సు కనపడలేదు. థ్రాటిల్ మూసుకుని ఉంటే మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) వాక్యూమ్ బాగా పెరిగి, వాల్వ్ గైడ్ల (వాల్వ్ కాడలు ఆడే గొట్టాలు) గుండా ఆయిల్‌ను లాగేస్తుంది. సీల్స్ మార్చాక మళ్లీ రాలేదు.

షెడ్డు మనిషి:
ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా, నా మాట కూడా వినండి. లక్ష దాటిన బండికి సీల్స్ మాత్రమే వేసి పంపితే మూడు నెలల్లో కస్టమర్ మళ్లీ వస్తాడు, తిట్లు నాకు. గైడ్లు అరిగి వాల్వ్ అటూ ఇటూ ఊగుతుంటే కొత్త సీల్ ఎన్నాళ్లు ఆగుతుంది? ఎలాగూ హెడ్ దించుతున్నప్పుడు రింగులు కూడా వేసేస్తే లేబర్ కలిసొస్తుంది. చూడకుండా రేటు చెప్పడం తప్పే, అది ఒప్పుకుంటా.

పాత పెట్రోల్:
20డబ్ల్యూ-50 చిక్కటి ఆయిల్ పోసి నడిపించండి, టెన్షన్ ఎందుకు. నాది పొల్యూషన్ టెస్ట్ కూడా పాసైంది.

రెండో గేర్:
పెట్రోల్ బండికి ఆ టెస్ట్‌లో చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. అదీ ఇంజిన్ వేడెక్కాక, బండి నిలబెట్టి స్లోలో. పొద్దున్నే వచ్చే పొగ అక్కడెవరు చూస్తారండీ? చిక్కటి ఆయిల్‌తో పొగ తగ్గవచ్చు, సీల్ మాత్రం బాగుపడదు.

షెడ్డు అన్నా, గైడ్ల మాట నిజమే. కానీ రింగులు పోతే లోడ్ మీద, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా పొగ రావాలి కదా. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే అందులోంచి గుప్పుగుప్పుమని గాలి కొట్టాలి. ఈయన అవేవీ చెప్పలేదు. ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో) కొలవమనండి. ఇంజిన్ వేడి మీద మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

గోదారి800:
ఆదివారం వేరే షెడ్‌లో చేయించాను. ఆయిల్ మూత దగ్గర గాలి పెద్దగా లేదు. కంప్రెషన్ వరసగా 165, 160, 125 పీఎస్‌ఐ. మూడో దాంట్లో ఆయిల్ పోస్తే 130కి వచ్చి ఆగింది. ఆ ప్లగ్ మొన నల్లగా, జిడ్డుగా ఉంది. మిగతా రెండూ ఇటుక రంగులోనే ఉన్నాయి.

రెండో గేర్:
చూశారా, ఐదే పెరిగింది. మూడో దాంట్లో వాల్వ్ సీటు (వాల్వ్ మూసుకుని కూర్చునే అంచు) కూడా సరిగా పట్టట్లేదు. బయటి నుంచి సీల్స్ మారిస్తే సరిపోదు, హెడ్ దించి ఆ అంచులు సరిపోయేలా గ్రైండింగ్ చేయించి, గైడ్లు చూపించండి. బోర్ జోలికి మాత్రం వెళ్లకండి.

షెడ్డు మనిషి:
హెడ్ దించాలనేగా నేను మొదట్నుంచీ అంటున్నది! గోడ మీది ఆయిల్‌ను గీకే ఆయిల్ కంట్రోల్ రింగు ఒక్కటే మసిపట్టి బిగుసుకుపోతే కంప్రెషన్‌లో తెలియదు, మీ చెంచా ఆయిల్‌కీ దొరకదు. కాబట్టి రింగులు బాగున్నాయని ఇప్పుడే రాసివ్వకండి.

గోదారి గారూ, హెడ్ దించాక బోర్ పైఅంచు దగ్గర గోరుతో గీకి చూడండి. మెట్టులా గోరుకు తగిలితే బోర్ అరిగినట్టే. నున్నగా జారిపోయి, బోర్ గోడ మీద మొదట గీసిన సన్నటి హోనింగ్ గీతలు ఇంకా కనబడుతుంటే ఆ 35 వేలు దాచుకోండి, నేనేమీ అనను. మూడు సిలిండర్లవీ ఫొటోలు పెట్టండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.