జమ్ములో నల్లటి పిల్లలు: బాతువా, నీటికోడివా?

గెడ్డవార:
గరివిడి దగ్గర ఊరచెరువు. ఒక మూల జమ్ము, మిగతాదంతా గుర్రపుడెక్క. ఆరు పిల్లలు కనబడ్డాయి. కోడిపిల్ల కన్నా చిన్నవి, ఒళ్ళంతా నల్లటి నూగు. చప్పుడు కాగానే జమ్ములోకి దూరిపోయాయి, తల్లి జాడ లేదు. ఒకరు బాతుపిల్లలంటున్నారు, ఒకరు బొల్లికోడి పిల్లలంటున్నారు. ఫోటో మసకగా వచ్చింది. ఏం చూసి తేల్చాలి? తల్లి లేకపోతే తెచ్చి పెంచొచ్చా?

తుంగపొద:
ఒళ్ళంతా నలుపైతే బాతుల్ని పక్కన పెట్టేయండి. మన చెరువుల్లో పొదిగే చిలువబాతు పిల్లకి నలుపూ తెలుపూ కలిసి ఉంటాయి, వీపు మీద తెల్ల మచ్చలుంటాయి. మచ్చలముక్కు బాతు పిల్లలో పసుపు కనబడుతుంది. పైగా బాతుపిల్ల ముక్కు పుట్టుకతోనే చదునుగా ఉంటుంది. నీటికోడి పిల్లది పొట్టిగా, మొనదేలి ఉంటుంది. కాలివేళ్ళ మధ్య తోలు ఉండదు.

'బొల్లికోడి' అన్న మాటతో ఏమీ తేలదు. ఒక ఊళ్ళో తెల్లరొమ్ముదాన్ని అలా అంటారు, పక్క ఊళ్ళో నుదుట తెల్లబిళ్ళ ఉన్నదాన్ని అంటారు. ఈ జాతుల పిల్లలన్నీ నల్లగానే పుడతాయి కనక ఒళ్ళు వదిలేసి ముక్కు, నడినెత్తి చూడండి. ముక్కు కూడా నల్లగానే ఉంటే తెల్లరొమ్ము నీటికోడి. ముక్కు ఎర్రగా, కొస పసుపుగా, నెత్తి మీద నూగు పల్చబడి చర్మం కనబడుతుంటే జంబుకోడి. తల, మెడ చుట్టూ నారింజరంగు పోచలు లేచి ఉంటే నుదుట తెల్లబిళ్ళ ఉండే నామాలకోడి. నీలికోడి పిల్లకి నూగు కొసలు వెండిలా మెరుస్తాయి, ముక్కు పాలిపోయి ఉంటుంది, కాళ్ళు ఒంటికి మించి పెద్దవి.

ఈ రంగులు కొన్ని వారాలే. ఈకలు వచ్చాక జంబుకోడి పిల్ల గోధుమరంగుకి మారి, ముక్కు ఎరుపు పోతుంది. అప్పుడు డొక్క పక్కన తెల్ల గీత వెతకాలి.

తెచ్చి పెంచడం మాత్రం వద్దు. ఇవి పుట్టిన కాసేపటికే నడిచి తల్లి వెనక పోయే జాతి. తల్లి లేదనుకున్నది మిమ్మల్ని చూసి దాక్కోవడం వల్లే. 40 అడుగులు వెనక్కి జరిగి, గట్టు మీద కూర్చుని అరగంట కదలకుండా చూడండి. ఫోటో కన్నా వీడియో తీయండి, అందులోంచి ముక్కు తేటగా కనబడే ముక్క పట్టుకోవచ్చు. అడవి పక్షి పిల్లనీ గుడ్డునీ పట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

చెరువుగట్టు:
ఇంకో రెండు కూడా చూసుకోండి. తల మీద నలుపు తెలుపు చారలుండి, పెద్దదాని వీపెక్కి తిరిగితే అది మునుగుడుకోడి పిల్ల. గోధుమరంగు ఒంటి మీద చారలు, ఒంటిని మించిన పొడవు వేళ్ళు ఉంటే తామరకోడి. దీని పిల్లల్ని సాకేది మగదే. ప్రమాదం వస్తే రెక్కల కింద ఇరికించుకుని నడుస్తుంది. పొట్ట కింద అదనపు కాళ్ళు వేలాడుతూ కనబడితే ఖంగారుపడకండి.

ఇంకో మాట. నీటి మీద కుళ్ళిన నాచుకుప్ప తేలుతుంటే కర్రతో కెలకొద్దు. మునుగుడుకోడి గూడు వదిలి పోయేటప్పుడు గుడ్ల మీద ఆకులు కప్పి పోతుంది. గుర్రపుడెక్క తీయించేవాళ్ళకి ఈ ముక్క తప్పక చెప్పండి, ఎక్కువ గూళ్ళు పోయేది అక్కడే.

గెడ్డవార:
వీడియోలో తేలింది. ముక్కు ఎరుపు, కొస పసుపు. కాసేపటికి ఒక పెద్దది కూడా వచ్చింది, నుదుటి నుంచి ముక్కు దాకా ఎరుపే.

తుంగపొద:
జంబుకోడే. తోక ఎగరేసినప్పుడు కింద రెండు తెల్ల మచ్చలు కూడా కనబడతాయి.

బీలదారి:
ఇచ్ఛాపురం వైపు నుంచి ఒక సందేహం. తేలుకుంచిలో గూటి నుంచి పడ్డ కొంగపిల్ల ముక్కులో సందు లేదు. అది చిల్లుముక్కు కొంగ కాదా?

చెరువుగట్టు:
అదే అయ్యుంటుంది. పిల్లలకి ముక్కు నేరుగా మూసుకుంటుంది, సందు పెద్దయ్యే కొద్దీ వస్తుంది. జంబుకోడి విషయంలో ముక్కు దారి చూపించింది, ఇక్కడ అదే మోసం చేస్తుంది. కాలం చూడండి: ఇవి తొలకరితో వచ్చి వానల్లో గూళ్ళు పెడతాయి. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ పొదిగేది వానలు వెనకబట్టాక. అవి సైబీరియా నుంచి వస్తాయనేది వట్టి మాట. చలికి వలసొచ్చిన పక్షి ఇక్కడ గూడు కట్టదు.

గూటి పిల్ల నడవలేదు, తల్లి కక్కి పెట్టేదే తింటుంది. కాబట్టి జంబుకోడిలా వదిలేస్తే చచ్చిపోతుంది. గూడు అందితే వెనక్కి పెట్టండి, మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదనేది నిజం కాదు. అందకపోతే గాలిరంధ్రాలున్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి, నీడలో ఉంచి అటవీశాఖవాళ్ళకి చెప్పండి. పాలు, అన్నం పెట్టొద్దు. నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.