అప్‌డేట్: ఇద్దరి పేరునా ఉన్న ఇంట్లోంచి నేను బయటికొచ్చాక ఏమైందంటే

నాలుగు నెలల క్రితం అడిగాను: ఇల్లు నాదీ మా ఆయనదీ, ఇద్దరి పేరునా ఉంది, గొడవలు భరించలేక నేను అద్దె ఇంటికి మారాను, ఆయన తాళం మార్చేసి "వెళ్లిపోయావు కాబట్టి నీకు హక్కు లేదు" అంటున్నారు అని. విషయం తేలింది.

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు దస్తావేజు కాపీ తీసి లాయర్‌కి చూపించు" అన్న సలహానే పనికొచ్చింది. అందులో చెరి సగం అని స్పష్టంగా ఉంది. ఇల్లు వదిలి వచ్చినంత మాత్రాన వాటా పోదని, నా సంతకం లేకుండా ఆయన మొత్తం ఇల్లు అమ్మలేరని లాయర్ చెప్పారు. చాలా రోజులకి ఆ రాత్రి నిద్రపట్టింది.

నేను పట్టించుకోనిది లోన్. ఇద్దరం సంతకం పెట్టాం కాబట్టి, ఆ ఇంట్లో ఉన్నా లేకపోయినా బ్యాంకు ఇద్దరినీ అడుగుతుందట. కోపంలో రెండు వాయిదాలు ఆపేశాను, బుద్ధి తక్కువై. మళ్లీ కట్టి రసీదులన్నీ దాచాను. చివర్లో లెక్క తేల్చేటప్పుడు అవే అక్కరకొచ్చాయి.

తాళం గొడవ లాయర్ నోటీసుతోనే తీరింది. కోర్టు దాకా వెళ్లలేదు. ఇంటికి విలువ కట్టించి, మిగిలిన లోన్ తీసేసి, నా సగం డబ్బు ఆయన ఇచ్చేలా ఒప్పందం రాసుకున్నాం. లోన్ నుంచి నన్ను తప్పించినట్టు బ్యాంకు కాగితం ఇచ్చాకే నా వాటా రాసిచ్చాను. ఈ వరుస మాత్రం తారుమారు చేయకండి.

తప్పు ఎవరిది, ముందు ఎవరు అరిచారు అంటూ నేను అప్పుడు పేజీలకొద్దీ రాసిన గోలంతా వాటా లెక్కలో ఎవరూ అడగలేదు. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందన్నదీ అంతే.