అప్‌డేట్: కొండమీది బడి, అక్క బదిలీ పాయింట్లు

పాడేరు అవతల కొండమీది బడిలో పనిచేస్తున్న మా అక్కకి అదనంగా ఏమైనా వస్తుందా అని అడిగాను కదా, తేలింది. జీతంలో పెరగకపోగా తరుగే: మా విశాఖలో ఇంటద్దె భత్యం 16 శాతం, ఆ ఊళ్లో 10. అసలు మేలు బదిలీ పాయింట్లలో ఉంది; ఇవి ఎక్కువుంటే బదిలీల్లో కోరుకున్న బడి ముందుగా ఎంచుకోవచ్చు. బడులను నాలుగు కేటగిరీలు చేశారు. అక్కడ పనిచేసిన ఏడాదికి ఒకటో కేటగిరీకి 1, రెండుకి 2, మూడుకి 3, సరైన రోడ్డులేని నాలుగుకి 5.

చిక్కూ అక్కడే వచ్చింది. జాబితాలో అక్క బడిని మూడులో వేశారు! ఆటో దిగాక గెడ్డ దాటి గంటసేపు ఎక్కాలి. వానాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని, దిద్దిన నోటుపుస్తకాలు పాలిథిన్ కవర్లో చుట్టుకుని వెళ్తుంది. ఐదేళ్లకి 25 రావాల్సింది 15 అంటే కడుపు మండదా?

మీలో ఒక మాస్టారు చెప్పినట్టే, రోడ్డు లేదని పంచాయతీరాజ్ ఇంజినీర్ల దగ్గర రాయించుకుని అభ్యంతరం పెట్టాం. నిన్న నాలుగుకి మార్చారు. మాస్టారూ, మీకు చాలా రుణపడి ఉంటాం.

ఈసారి రోడ్డు పక్క బడి దొరికితే చాలంటోంది అక్క. ఆ పిల్లల్ని వదిలిరావాలంటే మాత్రం ఏడుపొస్తోందట.