చెన్నై నుంచి మారిషస్‌కి బదిలీ: గోవా 70.3కి అక్కడ తయారవడం ఎలా?

తిరువాన్మియూర్ తాబేలు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, చదువు అయినప్పటి నుంచీ చెన్నైలోనే. జూన్‌లో ఆఫీసువాళ్లు నన్ను రెండేళ్లకి మారిషస్ పంపుతున్నారు, ఎబెన్ సైబర్ సిటీలో పని. ఇంతలో ఈ ఏడాది గోవా 70.3కి, అంటే ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్‌లో సగం దూరం పోటీకి, పేరు ఇచ్చేశాను. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. పేరు వెనక్కి తీసుకోవాలని లేదు.

నా భయమంతా వేడి గురించే. ఉష్ణమండల ద్వీపం, చుట్టూ సముద్రం, ఉక్కపోత. పగలంతా ఆఫీసు పని చేసి ఆ వాతావరణంలో వారానికి పది పన్నెండు గంటలు ట్రైనింగ్ కుదురుతుందా? సైకిల్ ఇక్కణ్ణుంచి తీసుకెళ్లాలా, అక్కడే కొనుక్కోవాలా? సముద్రంలో ఈత నాకు పెద్దగా అలవాటు లేదు, అంతా వేలచ్చేరి పూల్‌లోనే. మా ఆవిడ అయితే ఒకటే అడుగుతోంది: తెలియని ఊళ్లో రోడ్డు మీద నీకేమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి అని. ద్వీపాల్లో ఉండి వచ్చినవాళ్లు చెప్పండి.

పెరుంగుడి పెద్దిరాజు:
నేను సింగపూర్‌లో కొన్నేళ్లు ఉండి వచ్చాను కాబట్టి అక్కడి సంగతి చెప్తాను. అక్కడ సీజన్ అంటూ ఏమీ ఉండదు. జనవరి అయినా జూలై అయినా పగలు 31, 32 డిగ్రీలు, గాలిలో తేమ. మనకి డిసెంబరు, జనవరిలో వచ్చే ఆ చల్లని పొద్దులు అక్కడ లేవు. పైగా తెల్లారేది ఏడింటికి. అందుకని అయిదింటికి చీకట్లోనే ఈస్ట్ కోస్ట్ పార్క్‌లో పరుగు. దాదాపు 15 కిలోమీటర్ల పొడవు, ట్రాఫిక్ లేని దారి. అలాంటిది చెన్నైలో చూపించండి, నేను పేరు మార్చుకుంటాను.

ఇబ్బందులు వేరే ఉన్నాయి. మధ్యాహ్నం పిడుగుల హెచ్చరిక వస్తే పబ్లిక్ పూల్‌లోంచి అందర్నీ బయటికి పంపేస్తారు. సాయంత్రం ఈతకి ప్లాన్ వేసుకున్నవాళ్లకి ఇది పెద్ద చికాకు. సెప్టెంబరు, అక్టోబరులో ఒక్కో ఏడాది ఇండోనేషియా మంటల పొగ వస్తుంది, అప్పుడు ఇంట్లో ట్రైనరే (సైకిల్‌ని ఒకచోట నిలబెట్టి తొక్కే స్టాండ్) గతి. 2022 జనవరి నుంచి గుంపుగా తొక్కడానికి రూల్ కూడా పెట్టారు: ఒకరి వెనక ఒకరైతే అయిదుగురు, జంటలుగా అయితే పదిమంది, అంతకు మించితే జరిమానా. మన ఈసీఆర్ (చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఆదివారం గుంపులు అక్కడ నడవవు.

వేడి గురించి మీరు ఇంత టెన్షన్ పడటం మాత్రం నాకు వింతగా ఉంది. మే నెలలో చెన్నైలో పరిగెత్తేవాళ్లు ఇంకెక్కడి వేడికి భయపడాలండీ?

ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ ఫణి:
మారిషస్‌లోనే ఉంటున్నాను, అంతకుముందు చెన్నైలో మడిపాక్కం. తాబేలు గారూ, ముందు మీ భయం తీర్చేస్తాను. మీరు దిగేది జూన్‌లో, అంటే ఇక్కడ చలికాలం. మేము భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నాం. జూలైలో తీరం మీదే పగలు 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది, ఎబెన్ ఉన్న మెట్ట ప్రాంతంలో ఇంకా తక్కువ. అప్పుడు ఉదయం సైకిల్ మీద చేతులకి పూర్తి తొడుగులు వేసుకుంటాం. ఉక్కపోత నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. తుపానులు కూడా అప్పుడే.

మీకు అసలు చిక్కు టైముతో వస్తుంది. ఇక్కడి గడియారం ఇండియా కంటే గంటన్నర వెనక. ఇండియా టీమ్‌తో పని అంటే వాళ్ల తొమ్మిదిన్నర ఇక్కడ ఎనిమిది. జూన్, జూలైలో తెల్లారేది ఆరున్నర దాటాక, పొద్దుగుంకేది అయిదున్నర దాటాక. కాబట్టి ఆఫీసు రోజుల్లో వెలుతురులో సైకిల్ తొక్కడం మర్చిపోండి. వారం మధ్యలో ట్రైనర్, పరుగు. శని, ఆదివారాలు రోడ్డు, సముద్రం. ఈ లెక్కకి ఒప్పుకుంటే హాయిగా ఉంటారు.

సైకిల్‌కి: మనలాగే ఎడమవైపు ట్రాఫిక్, అదొక సుఖం. రోడ్లు సన్నం, పక్కన ఆగడానికి చోటుండదు, రౌండబౌట్లు లెక్కలేనన్ని. జూన్ చివర నుంచి చెరకు కోత మొదలవుతుంది, లారీల నుంచి రాలిన గడలు మలుపుల్లో పడి ఉంటాయి, జాగ్రత్త. సమతలం కావాలంటే ల మోర్న్ నుంచి బే ద్యు కాప్ మీదుగా సుయాక్ దాకా సముద్రం ఒడ్డునే రోడ్డు. ఎక్కుడు కావాలంటే కేస్ నొయాల్ దగ్గర సముద్రమట్టంలో మొదలుపెట్టి షమారెల్ మీదుగా పైన ప్లెయిన్ షాంపేన్ దాకా. ఈసీఆర్ మీద పెరిగిన కాళ్లకి మొదటిసారి ఏడుపొస్తుంది.

గాలి సంగతి: చలికాలంలో ఆగ్నేయం నుంచి బలంగా వీస్తుంది. బెల్ మార్ వైపు తూర్పు తీరం అంతా దానికి ఎదురు. పడమటి వైపు నీళ్లు ప్రశాంతం. అందుకే ఈతకి ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, ట్రూ ఓ బీష్, మోఁ షువాజీ. దీవి చుట్టూ చాలా మేరకు పగడపు దిబ్బ ఉంది, దానికి లోపలున్న లగూన్‌లో అల పెద్దగా ఉండదు. కానీ దిబ్బ మీంచి లోపలికి వచ్చిన నీళ్లన్నీ మధ్యలో ఉన్న ఖాళీల్లోంచే బయటికి పోతాయి. అక్కడ లాగుడు భయంకరంగా ఉంటుంది, ఆ వైపు వెళ్లొద్దు. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర దిబ్బే లేదు, అక్కడ నీళ్లలో దిగే ఆలోచనే పెట్టుకోకండి. లగూన్‌లో స్పీడ్ బోట్లు తిరుగుతాయి, దూరానికి కనిపించేలా నడుముకి నారింజ రంగు బోయ్ (నీళ్ల మీద తేలే బుడగ) కట్టుకోవాలి. అడుగున ముళ్లచెండ్లలా ఉండే సముద్రపు జీవులు, రాళ్లలో కలిసిపోయే స్టోన్‌ఫిష్ ఉంటాయి. ఒడ్డు నుంచి నడిచేటప్పుడు రబ్బరు బూట్లు తప్పనిసరి.

మీ ఆవిడగారికి చెప్పండి: అంబులెన్స్ నంబర్ 114, డాక్టర్లకి ఇంగ్లిష్ వచ్చు. ఇన్సూరెన్స్ ఆఫీసు ఇస్తుంటే అందులో పోటీలు, సైకిల్ ప్రమాదాలు మినహాయించారేమో సంతకానికి ముందే చదవండి. ఇంకో సంగతి, ఉగాదికి ఇక్కడ ప్రభుత్వ సెలవు. ఆ రోజు లాంగ్ రైడ్ పెట్టుకోవచ్చు, ఇంట్లో ఒప్పుకుంటే.

హెబ్బాళ్ హనుమంతు:
బెంగళూరు నుంచి మాట్లాడుతున్నాను. ఫణి గారు చెప్పింది చదివాక నాకు వేరే అనుమానం వచ్చింది. తాబేలు గారూ, మీరు ఆ చల్లటి చలికాలమంతా అక్కడ ట్రైనింగ్ చేసి నేరుగా గోవాలో దిగుతారు కదా? మీరనుకున్నదానికి ఇది పూర్తిగా తిరగబడ్డ సమస్య. చెన్నై మీకు ఊరికే ఇచ్చిన వేడి అలవాటు అక్కడ కరిగిపోతుంది.

మా బెంగళూరు వాళ్లందరి కథా ఇదే. 900 మీటర్ల ఎత్తు, చల్లటి పొద్దు, నంది కొండ ఎక్కి దిగి కాళ్లు గట్టిపడతాయి. గోవాలో ఈత బాగుంటుంది, సైకిల్ బాగుంటుంది. పరుగు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. మాతో వచ్చిన చెన్నై, వైజాగ్ వాళ్లు మాకంటే నెమ్మది అనుకున్నవాళ్లు కూడా మమ్మల్ని దాటుకుంటూ పోయారు. గుండె నిమిషానికి మామూలు కంటే పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, వేగం మాత్రం నడకతో సమానం. ఇప్పుడు మా గుంపు ఒక పని చేస్తోంది: రేస్‌కి మూడు వారాల ముందు నుంచి ఇంట్లో కిటికీలు మూసి, ఫ్యాన్ తీసేసి ట్రైనర్ తొక్కుతాం. తేడా తెలుస్తోంది.

వేలచ్చేరి డాక్టరమ్మ:
హనుమంతు గారు చెప్పింది నిజం. ఒంటికి వేడి అలవాటు కావడానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది. రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చల్లటి చోటికి వెళ్తే మూడు నాలుగు వారాల్లో చాలా మటుకు పోతుంది. అంటే ఆగస్టుకల్లా మీలో చెన్నై మిగలదు.

ఫ్యాన్ లేకుండా ట్రైనర్ తొక్కేటప్పుడు తీవ్రంగా తొక్కకండి. తేలిక వేగంతో గంట లోపే, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే. పక్కన నీళ్లు పెట్టుకోవాలి. ఇంకో పద్ధతి: తేలిక పరుగు అయ్యాక 40 డిగ్రీల వేడినీళ్ల టబ్‌లో అరగంట కూర్చోవడం, వరుసగా ఆరేడు రోజులు. దీని మీద మంచి ఫలితాలే వచ్చాయి. కాకపోతే లేచేటప్పుడు తల తిరుగుతుంది, నెమ్మదిగా లేవాలి. బీపీ మందులు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా చేయొద్దు. వీటన్నిటికంటే మంచిది, సెలవు దొరికితే రేస్‌కి రెండు వారాల ముందే చెన్నై వచ్చేయడం.

ఇక నీళ్ల విషయం. ఉక్కపోతలో చెమట ఆరదు, కారిపోతుంది, కాబట్టి ఒళ్లు చల్లబడదు. చాలామంది భయంతో మంచినీళ్లు మాత్రం తాగుతూ పోతారు. రక్తంలో సోడియం పడిపోయి తికమక, వాంతులు, ఇంకా ముదిరితే ఫిట్స్ వస్తాయి. దాహానికి తగ్గట్టు, ఉప్పుతో కలిపి తాగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్‌లో లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. ఆ పేరు పెట్టుకుని అమ్ముడుపోయిన తీపి డబ్బాలు వేరు. 2025లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఆ మాట వేయకూడదంది. లాంగ్ రైడ్‌లో ఓఆర్ఎస్ ఒక్కటే శక్తికి చాలదు, అరటిపండు, ఖర్జూరం, జెల్ ఏదో ఒకటి వేరుగా ఉండాలి. నొప్పి మాత్రలు వేసుకుని రేస్ చేయొద్దు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి.

పక్కన ఎవరైనా ఎండలో తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. ఆసుపత్రికి తీసుకెళ్లే లోపే చల్లబరచడం మొదలుపెట్టండి: ఐసునీళ్లు, తడి తువ్వాళ్లు, ఏది దొరికితే అది.

మైలాపూర్ మాస్టారు:
నేను ఇవేవీ చేయను, మా అబ్బాయి చేస్తాడు. డబ్బు పెట్టి ఇంత కష్టం కొనుక్కోవడం ఎవడికి పుట్టిన ఆలోచనండీ?

పెరుంగుడి పెద్దిరాజు:
మాస్టారూ, ఈ ఐరన్‌మ్యాన్ కూడా ద్వీపంలోనే పుట్టింది. 1978లో హవాయిలోని ఒవాహులో జాన్ కాలిన్స్ అనే నేవీ అధికారి అక్కడి మూడు పోటీల్ని కలిపి ఒకటి చేశాడు. పదిహేను మంది మొదలుపెట్టారు, పన్నెండు మంది పూర్తి చేశారు. తర్వాత 1981లో అక్కడే ఉన్న పెద్ద దీవికి (బిగ్ ఐలండ్) మార్చారు. మన దగ్గరికి వస్తే మలేషియాలోని లంకావిలో పూర్తి దూరం రేస్ ఉంది. చెన్నై నుంచి చాలామంది వెళ్తారు. అబ్బాయిని అటు పంపండి, సుంకం లేని దీవి, మీకు కూడా ఏదైనా తెస్తాడు.

తిరువాన్మియూర్ తాబేలు:
డాక్టరమ్మ గారూ, హనుమంతు గారూ, నా బుర్ర ఒక్కసారి తిరగేశారు. సెలవు గురించి మేనేజర్‌తో ఈ వారమే మాట్లాడతాను. ఇంకో సందేహం. ఏప్రిల్, మే ఇక్కడే ఉంటాను కదా, సముద్రపు ఈత మెరీనాలో మొదలుపెట్టనా? చల్లటి నీళ్లకి వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు ఈత సూట్) కొనుక్కోవాలా?

కోవళం కోదండం:
మెరీనా వద్దు బాబూ. అక్కడ స్నానమే నిషేధం, ఎందుకో ఏటా పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఎలియట్స్ బీచ్‌లో ఆ తెల్ల మంటపం చూసే ఉంటావు. మునిగిపోతున్నవాళ్లని కాపాడబోయి 1930లో చనిపోయిన ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడి పేరు మీద కట్టారు. ఆ తీరం అప్పటి నుంచీ అంతే.

కోవళం రా, కేరళది కాదు, మన ఈసీఆర్ మీద ఉన్నది. సర్ఫింగ్ పిల్లలు, పడవలవాళ్లు ఉంటారు, ఏ రోజు దిగొచ్చో వాళ్లని అడిగి దిగుదాం. ఒంటరిగా మాత్రం రావద్దు. ముందు అలకి ఎదురు వెళ్లడం, తల ఎత్తి గుర్తు చూసుకుంటూ ఈదడం నేర్చుకుంటే చాలు, దూరం తర్వాత. వేసవిలో జెల్లీ చేపలు వస్తాయి. తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగాలి, రుద్దకూడదు.

వెట్‌సూట్ కొనకు. గోవాలో నీళ్లు 24.5 డిగ్రీలు దాటుతాయి, మామూలు పోటీదారులకి అప్పుడు దానికి అనుమతి ఉండదు. అది ఒంటిని తేలుస్తుంది. మారిషస్‌లో నాలుగు నెలలు దానికి అలవాటు పడి గోవాలో తీసేస్తే కాళ్లు మునుగుతాయి.

ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ ఫణి:
కోదండం గారితో సగమే ఒప్పుకుంటాను. జూలై, ఆగస్టులో ఇక్కడ నీళ్లు 22, 23 డిగ్రీలు ఉంటాయి. చెన్నై మనిషికి గంట సేపు అందులో ఉంటే పళ్లు కొట్టుకుంటాయి. సన్నటి చేతుల్లేని సూట్ ఒకటి ఉండనీ, సెప్టెంబరు నుంచి మానేస్తే సరిపోతుంది.

కోవళం కోదండం:
సరే, మీరు అక్కడ ఉన్నారు, మీ మాటే.

తిరువాన్మియూర్ తాబేలు:
సైకిల్ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ ఫణి:
తెచ్చుకోండి. ఇక్కడ షాపులు తక్కువ, మీ సైజు దొరికేదాకా ఆగాలి. డిరైల్యూర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి అదనంగా పెట్టుకోండి. నాది ఒక విమానంలో వంగిపోయి వచ్చింది, అదే మోడల్ దొరక్క వారాల తరబడి ట్రైనర్ మీదే గడిపాను. ఉప్పు గాలికి బోల్టులు పట్టేస్తాయి. రైడ్ అయ్యాక మంచినీళ్లతో కడిగి తుడవాలి. కార్బన్ ఫ్రేమ్‌లో అల్యూమినియం సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) అయితే నెలకోసారి బయటికి తీసి, కార్బన్ పేస్ట్ రాసి మళ్లీ బిగించండి, లేకపోతే రెండూ ఒకటైపోతాయి.

పెరుంగుడి పెద్దిరాజు:
గట్టి బాక్స్ నా దగ్గర ఖాళీగా ఉంది, వచ్చి పట్టుకెళ్లండి, మళ్లీ సెలవులో వచ్చినప్పుడు ఇవ్వొచ్చు. టైర్లలో గాలి కొంచెం తగ్గించండి, టైరులో గాలి నింపే సీఓ2 గుళికలు పెట్టే ముందు ఎయిర్‌లైన్‌ని అడగండి. పెడల్స్ విప్పేటప్పుడు ఎడమది మాత్రం తిరగమర, కుడివైపుకి తిప్పాలి. చాలామంది దాన్ని రివర్స్‌లో బిగించి బిగించి క్రాంక్ (పెడల్ బిగించే కమ్మీ) పాడుచేస్తారు.