ఆఫ్రికా జంతువులతో మన పిల్లలకు అక్షరాలు నేర్పవచ్చునా?

సూళ్లూరుపేట సభ్యురాలు:
మా వీధి అంగన్‌వాడీకి ఆఫ్రికా జంతువుల బొమ్మలున్న తెలుగు అక్షరమాల పుస్తకాలు కొనిపెట్టాలని అనుకుంటున్నాము. ఆవు, గేదె కళ్లెదుటే ఉండగా నీటిగుర్రం ఎందుకని కొందరు తల్లులు అడుగుతున్నారు. మీరేమంటారు?

ఒంగోలు ఉపాధ్యాయుడు:
వారి అభ్యంతరం సమంజసమే. బొమ్మను చూడగానే, ఎవరూ అందించకుండానే, పిల్లవాడి నోట ఆ పేరు రావాలి. అప్పుడే ఆ మాటలోని మొదటి ధ్వని అక్షరంతో ముడిపడుతుంది. జీబ్రాను చూసి ‘గుర్రం’ అనే బిడ్డకు ‘జ’ ఎలా పట్టుబడుతుంది?

కావలి సభ్యురాలు:
మాస్టారూ, బిడ్డ ఒంటరిగా చదువుకొనే పుస్తకానికైతే మీ మాట నిజమే. కానీ మూడు నాలుగేళ్ల పిల్లలు తల్లి ఒడిలో కూర్చునే పుస్తకం చూస్తారు కనుక, తెలియని పేరు ఆమె నోటనే వింటారు. రోజూ చూసే ఆవు బొమ్మను చటుక్కున తిప్పేసే పిల్ల, జిరాఫీ దగ్గర ఆగి ప్రశ్నలు మొదలుపెడుతుంది. అంత పొడవాటి మెడలోనూ మన మెడలో ఉన్నట్టే ఏడు ఎముకలే ఉంటాయని చెప్పి చూడండి, తన మెడ తడుముకుంటుంది.

నా పట్టుదలంతా బొమ్మ నిజంగా ఉండాలన్నదే. ఆఫ్రికా ఏనుగుకు చెవులు చాలా పెద్దవి, అక్కడి ఆడ ఏనుగులకూ దంతాలుంటాయి. మన గుడి ఏనుగును గీసి ఆఫ్రికా ఏనుగు అనకూడదు. అక్కడి ఖడ్గమృగానికి రెండు కొమ్ములు, అస్సాంలోని దానికి ఒకటే. ఆఫ్రికా అడవుల్లో పులులు లేవు కాబట్టి ‘ప’కు పులిని పెట్టిన పుస్తకాన్ని కొనవద్దు. ణ, ళ వంటి అక్షరాలకు లేని పేర్లు పుట్టించకుండా, మాట నడుమ ఆ అక్షరాన్ని చూపితే చాలు.

‘ఫ’కు మాత్రం సూళ్లూరుపేట దగ్గరే జవాబుంది. చలికాలంలో పులికాట్ సరస్సులో నిలబడి, వంపు ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి మేసే పెద్ద ఫ్లెమింగోల జాతి ఆఫ్రికా సరస్సుల్లోనూ ఉంది. సూళ్లూరుపేట పిల్లలకు ఆ పేరు ఎవరూ అందించనక్కరలేదు.

ఒంగోలు ఉపాధ్యాయుడు:
ఫ్లెమింగో విషయంలో మీతో ఏకీభవిస్తాను. ‘జ’ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. పలక పట్టించే వేళకు జామకాయ ఉన్న పుస్తకం, కథ చెప్పే వేళకు మీరన్న పుస్తకం, రెండూ కొనగలిగితే నాకు అభ్యంతరం లేదు. ఒకటే కొనగలిగితే మొదటిదే కొనమంటాను.