నాన్న మోసిన బస్తా, నేను ఎత్తలేని నలభై కిలోలు: 54 ఏళ్లకు ఎంత బలం ఆశించాలి?

పానగల్ లెక్కల సార్ (ప్రశ్న)

నా వయసు 54. ఎత్తు ఐదు అడుగుల పదకొండు అంగుళాలు, బరువు 63 కిలోలు. నల్లగొండ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. పిల్లలు నాకు ‘నిచ్చెన సార్’ అని పేరు పెట్టుకున్నారు. అది నాకు తెలియదని వాళ్ల నమ్మకం.

ఏడు నెలలుగా జిమ్ముకు వెళుతున్నాను. బెంచీ మీద వెల్లకిలా పడుకుని బరువును పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లో 40 కిలోల దగ్గర బండి ఆగిపోయింది. మా బావమరిది నా తర్వాత రెండు నెలలకు చేరాడు. ఐదు అడుగుల నాలుగు అంగుళాల మనిషి, 78 కిలోల బరువు. 70 కిలోలు ఎత్తి దించి, మెల్లగా నా వైపు చూస్తాడు. ఆ చూపు కోసమే వస్తాడేమోనని నా అనుమానం. కోచ్‌కు ఇరవై నాలుగేళ్లు. ‘ఎవరి బరువు వాళ్లు ఎత్తాలి సార్, అది కనీసం’ అంటాడు.

అసలు బాధ వీళ్లిద్దరూ కాదు. మా నాన్న మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. 58 ఏళ్లప్పుడు కూడా క్వింటాలు బస్తా వీపున వేసుకుని బల్ల మీదుగా లారీ ఎక్కేవాడు. నా కళ్లతో చూశాను. ఆయన కొడుకునై ఉండి నలభై కిలోలకే చేతులు వణకడమేమిటి? ఇది వయసా, ఒంటి తీరా, బద్ధకమా? ఒక అంకె చెబితే దానికి తగ్గట్టే ఆశ పెట్టుకుంటాను.

పాలమూరు ఫిజియో

సార్, అంకె అడిగారు కాబట్టి మీ లెక్కలతోనే మొదలుపెడతాను. కండ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఒంటి బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఒకటి వర్గం, ఇంకొకటి ఘనం. మనిషి పెద్దయ్యే కొద్దీ రెండూ సమంగా పెరగవు. అందుకే ‘ఎవరి బరువు వాళ్లు’ అన్న కొలత అందరికీ అతకదు. పైగా మీ చేతులు పొడుగు. ఛాతీ దగ్గర నుంచి చేతులు చాచే వరకు మీ బార్బెల్ మీ బావమరిదికంటే ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. అవే చేతులు నేల మీది బరువును నిలబడి పైకి లేపే డెడ్‌లిఫ్ట్‌లో మీకు మేలు చేస్తాయి. ఒకసారి అందులో పోటీ పెట్టి చూడండి.

కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో 69 కిలోల విభాగంలో రెండు ఎత్తులు కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. విభాగాలు పెట్టిందే ఒంటి తీరును లెక్కలోకి తీసుకోవడానికి. వయసు పైబడినవారికి మాస్టర్స్ పోటీలు, అందులో ఐదేళ్లకొక వర్గం. ఆ ఆటే ఒప్పుకున్న సంగతిని మీ కోచ్ ఒప్పుకోవడం లేదు.

అయితే తప్పంతా చేతుల మీదికి నెట్టకండి. ఆ ఎత్తుకు 63 కిలోలంటే కండే తక్కువ. ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ కరుగుతుంది, అరవై తర్వాత ఇంకా జోరుగా. బలం కంటే ముందు చురుకు, అంటే బలాన్ని చప్పున వాడే శక్తి, పోతుంది. కాలు జారినప్పుడు తమాయించుకోవడం దాని పనే. కానీ కండ ఏ వయసులోనైనా మాట వింటుంది. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్లవారితో ఎనిమిది వారాలు బరువులు ఎత్తిస్తే కాళ్ల బలం రెండింతలు దాటింది. ఇక తిండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో ఒంటి బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్, అంటే మీకు 52 గ్రాములు. కండ పెంచాలంటే అది చాలదు. పప్పు, గుడ్డు, పెరుగు ఏ పూట ఎంత తింటున్నారో రాయండి.

ఇంకొక ప్రశ్న. చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారు? నడుము, మెడ బిగుసుకుపోయినట్టు ఉంటాయా?

మిల్లు రోడ్డు

నేను ముప్పై ఒక్క ఏళ్లు హమాలీగా చేశాను, ఇప్పుడు 63. సార్, మీరు నాన్నగారిని సగమే చూశారు. క్వింటాలు బస్తాను ఎవరూ ఒక్కరే నేల మీద నుంచి ఎత్తరు. ఇద్దరు పట్టి వీపు మీదికి ఎక్కిస్తారు, మూడోవాడు మోస్తాడు. మోసేవాడు మెడ కింద సరిగ్గా కూర్చోబెట్టుకుని, బల్ల ఊగే తాళానికి అడుగు వేయాలి. ఆ అడుగు తప్పితే ఎంత బలమున్నా కింద పడతాడు. ఇక కుదరనివాళ్లు మొదటి నెలలోనే వెళ్లిపోతారు. మిగిలినవాళ్లనే లోకం చూస్తుంది, హమాలీలంటే ఉక్కు మనుషులంటుంది. నా మోకాళ్లు ఇప్పుడు మెట్లు దిగనివ్వవు. ఇప్పటి యాభై కిలోల బస్తాలు అప్పుడే వచ్చి ఉంటే బాగుండేది.

జడ్చర్ల అక్క

నాకు 57, బరువు 76 కిలోలు. చూసినవాళ్లంతా ‘నీకేమమ్మా, గట్టిదానివి’ అంటారు. బిందె ఎత్తగలను, నిజమే. బంతి భోజనానికి నేల మీద కూర్చున్నాక చెయ్యి ఆనకుండా లేవలేను. ఆ సంగతి ఎవరికీ పట్టదు. బక్కవాళ్లను బలహీనులంటారు, మమ్మల్నేమో సందేహమే లేకుండా బలవంతులంటారు.

పానగల్ లెక్కల సార్

ఫిజియో గారూ, పదహారేళ్లు వచ్చేదాకా మర్రిగూడ వైపు మా ఊరి బోరు నీళ్లే తాగాను. మెడ పూర్తిగా తిరగదు. వయసు అనుకుని ఊరుకున్నాను. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ ఉందేమో తెలుసుకోవడానికి ఎక్స్‌రే తీయిస్తాను. అప్పటిదాకా భుజాల మీద బరువుతో కూర్చుని లేచే స్క్వాట్ మానేస్తున్నాను. ప్రొటీన్ లెక్క వేశాను, 40 గ్రాములు కూడా దాటలేదు. లెక్కల మాస్టారుకు ఇది సిగ్గుచేటు.

నిన్న లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఎక్కాం. బావమరిది మూడుసార్లు కూర్చున్నాడు. నేను పైన నిలబడి అతని వైపు చూశాను, మెల్లగానే.

మిల్లు రోడ్డు అన్న రాసింది రాత్రి నాన్నకు చదివి వినిపించాను. ఆయనకిప్పుడు 81. ‘నిజమే కదా’ అని, కాసేపాగి అడిగాడు: ‘అక్కడ నీకు ఎత్తిపెట్టేవాళ్లు లేరా?’